బస్సులో మొదలైన బడి

అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రపు సముద్రతీరంలో జాన్స్ ఐలండ్ అని ఒక దీవి ఉంది. 1950లలో ఆ దీవి నుంచి పక్కనున్న చార్ల్‌స్టన్ నగరానికి పొద్దున్నే ఒక బస్సు వెళ్లేది. బస్సు ఓనరూ డ్రైవరూ ఒక్కరే, ఈసా జెంకిన్స్. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన నల్లజాతి రైతు. పండించిన కూరగాయలు నగరానికి తీసుకెళ్లి అమ్ముకునేవాడు. అక్కడి వ్యాపారుల్లో గ్రీకులు ఉన్నారని, వాళ్లతో బేరాలు సాగాలంటే వాళ్ల భాష రావాలని కాస్త గ్రీకు కూడా నేర్చుకున్నాడు. ఆయన బస్సెక్కేవాళ్లలో ఫ్యాక్టరీ కూలీలు, తెల్లవాళ్ల ఇళ్లలో వంటకీ పాచిపనికీ వెళ్లే ఆడవాళ్లు ఉండేవాళ్లు. రోజూ అవే మొహాలు, అవే సీట్లు, అవే కబుర్లు.

ఆ ప్రయాణికుల్లో ఆలిస్ వైన్ ఒకరు. ఆవిడకి ఓటు కావాలి. ఆ రోజుల్లో సౌత్ కరోలినాలో ఓటరుగా నమోదు కావాలంటే, 300 డాలర్ల విలువైన ఆస్తి అయినా ఉండాలి, లేదంటే రిజిస్ట్రార్ ముందు నిలబడి రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం చదివి వినిపించాలి. ఆవిడకి ఆస్తి లేదు, చదవడమూ రాదు. తనకి చదవడం నేర్పితే ఓటు వేస్తానని జెంకిన్స్‌ని అడిగింది. ఆయన ఆ రాజ్యాంగ భాగాన్ని టైపు చేయించి బస్సులో అందరికీ పంచాడు. జనం ఎక్కే దాకా ఆగినప్పుడూ, దారిలోనూ దాని గురించే మాట్లాడేవాడు. ఆలిస్ వైన్ ఆ పేరాలన్నీ వినివిని కంఠస్థం చేసేసింది. రిజిస్ట్రార్ ముందు కాగితం పట్టుకుని గడగడా ఒప్పజెప్పింది. ఓటు వచ్చింది.

కానీ ఆవిడకి అది చాలలేదు. చదివినట్టు నటించడం కాదు, నిజంగా చదవడం రావాలి అనుకుంది. ఆ కోరిక నుంచి పుట్టిన బడి తర్వాతి పదమూడేళ్లలో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వందల చోట్లకి పాకింది.

అమెరికా పౌరహక్కుల ఉద్యమం అంటే మనకి గుర్తొచ్చే బొమ్మలు కొన్ని ఉన్నాయి. 1955లో మాంట్‌గొమరీ బస్సులో లేవనన్న రోజా పార్క్స్, 1963లో వాషింగ్టన్‌లో కింగ్ ప్రసంగం, 1965లో ఓటు హక్కు చట్టం. ఒక్కో తేదీకి ఒక్కో ఫొటో. ఈ తేదీలు అబద్ధం కాదు. కాకపోతే వాటి మధ్య ఖాళీల్లో ఏం జరిగిందో ఫొటోలకి దొరకదు. వీధిలోకి వచ్చిన మనిషిని వీధిలోకి తెచ్చిందెవరు? కాగితం చదవడం రాదన్న సంగతి నలభై ఏళ్లుగా దాచుకున్న మనిషి, దాన్ని మొదటిసారి ఎవరి ముందు ఒప్పుకున్నాడు? ఈ ప్రశ్నలకి జవాబు దొరికేది చట్టసభల్లో కాదు. ఎవరికి ఎవరు ఎలా తెలుసు అన్న దగ్గర.

*

ఈ కథలో అందరినీ కలిపే మనిషి సెప్టిమా క్లార్క్. 1898లో చార్ల్‌స్టన్‌లో పుట్టింది. తండ్రి బానిసగా పుట్టినవాడు, తల్లి బట్టలు ఉతికి ఇల్లు నడిపింది. పద్దెనిమిదేళ్లకి టీచరయింది గానీ, చార్ల్‌స్టన్ ప్రభుత్వ బడుల్లో నల్లజాతి టీచర్లని పెట్టుకునేవాళ్లు కాదు. అందుకని 1916లో పడవెక్కి జాన్స్ ఐలండ్ వెళ్లింది. వంతెనలు లేని కాలం. గంటల తరబడి ప్రయాణం.

అక్కడి బడిలో ఇద్దరు టీచర్లకి 132 మంది పిల్లలు. క్లార్క్ జీతం నెలకి 35 డాలర్లు. దగ్గర్లోనే తెల్లపిల్లల బడి. అందులో పిల్లలు ముగ్గురు, టీచరమ్మ జీతం 85 డాలర్లు. పుస్తకాలు లేక కాగితపు సంచుల మీద పాఠాలు రాసి చదివించేది. రాత్రుళ్లు పెద్దవాళ్లు వచ్చేవాళ్లు. తమ సంఘాల సమావేశాల్లో నాలుగు మాటలు మాట్లాడాలనీ, బైబిల్ చదవాలనీ వాళ్ల కోరిక. పగలు పిల్లలకి, రాత్రి వాళ్ల అమ్మానాన్నలకి చెప్పేది. మధ్యలో కొన్నేళ్లు వేరే ఊళ్లలో ఉండి, 1926లో మళ్లీ అదే దీవికి వచ్చింది. ఈసా జెంకిన్స్ ఆమె దగ్గర చదువుకున్నవాడే.

ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలి. మామూలుగా ఇలాంటి వివరాన్ని మనం 'విశేషం' కింద చదివి ముందుకి పోతాం. కానీ మూడు దశాబ్దాల తర్వాత జెంకిన్స్ తన దీవి మనుషులకి చదువు కావాలని అడిగినప్పుడు, ఆ మాట వినాల్సిన మనిషి ఆయనకి చిన్నప్పటి టీచరు కావడం విశేషం మాత్రమే కాదు. ఆ పని నడిచిందే దాని మీద. ఆమెకి ఆ దీవి దారులు తెలుసు. అక్కడివాళ్లు మాట్లాడే గల్లా యాస తెలుసు. వాళ్ల ఇళ్లలో ఉంది, వాళ్లు పెట్టింది తింది. బయటినుంచి వచ్చిన సంస్కర్తకి ఇవన్నీ సంపాదించడానికి ఏళ్లు పడతాయి. ఒక్కోసారి అసలు దొరకవు.

*

ఆ దీవిలో పెద్దవాళ్లకి చదువు చెప్పే ప్రయత్నం అంతకుముందూ జరిగింది. డబ్బు ఉంది, బడి భవనం ఉంది, చెప్పడానికి మనిషి ఉన్నారు. జనమే రాలేదు. ఎందుకని? టెనసీ రాష్ట్రంలో హైలాండర్ ఫోక్ స్కూల్ నడిపే మైల్స్ హోర్టన్ జాన్స్ ఐలండ్‌లో కొన్నాళ్లు తిరిగి, మనుషులతో మాట్లాడి తెలుసుకున్న కారణం ఇది: బడిలో ఉన్నవి చిన్నపిల్లల బల్లలు. పొలంలో పనిచేసి వచ్చిన పెద్దమనుషులు మోకాళ్లు ముడుచుకుని వాటిలో కూర్చోవాలి. పిల్లలు చూసి కాళ్లు పొడుగు తాతలని వెక్కిరించేవాళ్లు. బల్ల చిన్నది, అవమానం పెద్దది. నెమ్మదిగా అందరూ మానేశారు.

నిరక్షరాస్యత గురించి మనం మాట్లాడేటప్పుడు దాన్ని ఒక లోటుగా చూస్తాం. అక్షరాలు లేవు, ఇస్తే సరిపోతుంది అన్నట్టు. చదువు రాని మనిషికి మాత్రం అది మొదట ఒక రహస్యం. కళ్లజోడు మర్చిపోయాననడం, కాగితం ఇంటికి తీసుకెళ్లి చూస్తాననడం, వేలిముద్ర వేసేటప్పుడు ఎవరూ చూడకుండా చూసుకోవడం. ఆ రహస్యం బయటపెట్టాలంటే ఎదుటి మనిషి దగ్గర పరువు పోదన్న భరోసా ఉండాలి. ఆ భరోసాని ఏ పథకమూ పంచిపెట్టలేదు.

హైలాండర్ స్కూల్ 1932లో మొదలైంది. కార్మికులూ, తర్వాత పౌరహక్కుల కార్యకర్తలూ వచ్చి కొన్ని రోజులు కలిసి ఉండి తమ సమస్యలు మాట్లాడుకునే చోటు. దక్షిణాదిలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల మీద తినడం చట్టవిరుద్ధమైన కాలంలో అక్కడ అందరూ కలిసే తినేవాళ్లు, పక్కపక్క మంచాల మీద పడుకునేవాళ్లు. క్లార్క్ మొదటిసారి 1954 వేసవిలో అక్కడికి వెళ్లింది. ఆ తర్వాత తన కారులో మనుషుల్ని వెంటబెట్టుకుని తీసుకెళ్లడం మొదలుపెట్టింది. ఈసా జెంకిన్స్ అలా వెళ్లినవాడే. ఆ వర్క్‌షాప్ విషయం ఐక్యరాజ్య సమితి. జెంకిన్స్ వంతు వచ్చినప్పుడు ఆయన చెప్పిన సమస్య మాత్రం తన బస్సులోది: మా దీవిలో జనానికి చదవడం రావాలి, ఓటు రావాలి.

1955 ఆగస్టులో క్లార్క్ నడిపిన ఒక వర్క్‌షాప్‌కి మాంట్‌గొమరీ నుంచి ఒకావిడ వచ్చింది. మొదట్లో పెద్దగా నోరు విప్పలేదు. ఆవిడ రోజా పార్క్స్. తెల్లవాళ్లు పొద్దున్నే లేచి వంట చేస్తుంటే ఆ వాసనకి మెలకువ రావడం, ఆ వంట తను వాళ్లకి చేస్తున్నది కాకుండా వాళ్లు తనకి చేస్తున్నది కావడం ఎంత బాగుండేదో ఆవిడ తర్వాత గుర్తుచేసుకుంది. డిసెంబర్‌లో బస్సులో ఏం జరిగిందో అందరికీ తెలుసు. హైలాండర్‌కి వెళ్లడం వల్లే అది జరిగిందని అనలేం. ఆవిడ అప్పటికే పన్నెండేళ్లుగా ఎన్.ఏ.ఏ.సి.పి.లో పనిచేస్తున్న మనిషి. అయితే సమానత్వం అనే మాటని కొన్నాళ్ల పాటు బతికి చూసిన మనిషికీ, విని మాత్రమే ఉన్న మనిషికీ తేడా ఉంటుంది.

*

ఇక్కడిదాకా చదివితే 'స్నేహాలుంటే చాలు, అన్నీ అవే జరుగుతాయి' అనిపించొచ్చు. క్లార్క్ జీవితంలో 1956 ఆ అభిప్రాయాన్ని తీసేస్తుంది.

ఆ ఏడాది సౌత్ కరోలినా శాసనసభ ఒక చట్టం చేసింది. ప్రభుత్వ ఉద్యోగులెవరూ ఎన్.ఏ.ఏ.సి.పి.లో సభ్యులుగా ఉండకూడదు. నల్లజాతి హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే ఆ సంస్థని ఎండగట్టడమే దాని ఉద్దేశం. టీచర్ల ముందు కాగితం పెట్టి ఏయే సంస్థల్లో ఉన్నారో రాయమన్నారు. చాలామంది దాచారు. క్లార్క్ దాచలేదు. నలభై ఏళ్ల సర్వీసు తర్వాత, 58 ఏళ్ల వయసులో, ఉద్యోగం పోయింది. పింఛనూ పోయింది.

ఆమె ఊరుకోలేదు. ఈ చట్టం అన్యాయమని కలిసి చెబుదాం రండి అంటూ నల్లజాతి టీచర్లకి 726 ఉత్తరాలు పంపింది. జవాబు రాసింది 26 మంది. సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లాల్సిన రోజుకి మిగిలింది అయిదుగురు. అదే రోజుల్లో ఆమె సభ్యురాలిగా ఉన్న విద్యావంతులైన మహిళల సంఘంవాళ్లు ఆమె గౌరవార్థం ఒక విందు చేశారు. విందుకి వచ్చినవాళ్లు ఆమె పక్కన ఫొటో దిగడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఫొటో ఎవరి కంటన్నా పడితే తమ ఉద్యోగాలు పోతాయని భయం.

వాళ్లంతా ఆమెకి తెలిసినవాళ్లే. స్నేహితులే. విందు పెట్టారంటే ప్రేమ లేదనీ అనలేం. ఆ ప్రేమ ఫొటో దాకా రాలేదు, అంతే. ఎందుకంటే వాళ్ల జీతం చెక్కు మీద సంతకం పెట్టేది తెల్లవాళ్ల స్కూల్ బోర్డు. మనిషి ఎంత దగ్గరివాడైనా, అతని అన్నం ఎదుటి పక్షం చేతిలో ఉన్నప్పుడు ఆ దగ్గరితనానికి ఒక హద్దు ఉంటుంది. క్లార్క్ ఈ సంగతిని తిట్లతో ముగించలేదు. ఆ 726 ఉత్తరాలని తన జీవితంలోని వైఫల్యాల్లో ఒకటిగా చెప్పుకుంది. వాళ్లు సిద్ధం కాకముందే వాళ్లని తోయాలని చూశాను అనుకుంది. మనుషుల్ని ముందు సిద్ధం చేయాలి, అది ఉత్తరంతో అయ్యేది కాదు.

ఆ తర్వాత ఆమె చేసిన పనులన్నిటి వెనకా ఈ అనుభవం ఉంది. ఉద్యోగం పోగానే హైలాండర్ ఆమెని వర్క్‌షాప్‌ల డైరెక్టరుగా తీసుకుంది. ఇప్పుడు జాన్స్ ఐలండ్ బడి సంగతి చూడాలి. టీచరు ఎవరు?

*

క్లార్క్ ఎంచుకున్నది టీచర్ని కాదు. చార్ల్‌స్టన్‌లో జుట్టు దువ్వే పనిచేసే బెర్నీస్ రాబిన్సన్‌ని.

రాబిన్సన్ క్లార్క్‌కి దగ్గరి బంధువు. కొన్నేళ్లు న్యూయార్క్‌లో ఉండి, తల్లిదండ్రుల కోసం చార్ల్‌స్టన్ తిరిగొచ్చి, ఇంట్లోనే బ్యూటీ పార్లర్ పెట్టుకుంది. తనూ హైలాండర్ వెళ్లొచ్చింది. బడి చెప్పమంటే మొదట ఒప్పుకోలేదు. నేను టీచర్ని కాను, ఎవరన్నా టీచరుంటే పక్కన సాయం చేస్తానంది. క్లార్కూ హోర్టనూ పట్టుబట్టింది సరిగ్గా అందుకే. టీచరుకి పెద్దవాళ్లని పిల్లల్లా చూసే అలవాటు ఉంటుంది. ఈవిడకి ఆ అలవాటు లేదు. పైగా జుట్టు దువ్వే చోట కూర్చున్న మనిషి మాట్లాడుతుంది. ఆ మాటలు వినడం రాబిన్సన్ వృత్తిలో భాగం.

ఇంకో కారణం ఇంతకన్నా గట్టిది. పార్లర్‌కి వచ్చేవాళ్లంతా నల్లజాతి ఆడవాళ్లు. డబ్బులు ఇచ్చేది వాళ్లే. రాబిన్సన్‌ని ఉద్యోగంలోంచి తీసేయగల తెల్లవాడు లేడు. 726 ఉత్తరాలకి దొరకని జవాబు ఇక్కడ దొరికింది. ఓటర్ల నమోదు ముమ్మరంగా సాగిన రోజుల్లో ఆవిడ ఒకరిని డ్రయ్యర్ కింద కూర్చోబెట్టి, ఇంకొకరిని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తీసుకెళ్లి వచ్చేదట. తల ఆరేలోపు ఒక ఓటు! పార్లర్‌లో కూర్చున్నావిడకీ అభ్యంతరం లేదు. తర్వాతి వారం తన వంతు కావచ్చు.

బడికి చోటు కూడా ఇలాగే దొరికింది. జెంకిన్స్ పెట్టిన ప్రోగ్రెసివ్ క్లబ్, హైలాండర్ ఇచ్చిన 1,500 డాలర్ల అప్పుతో ఒక పాత బడి భవనం కొన్నది. ముందు గదిలో సహకార కిరాణా కొట్టు పెట్టారు. వెనక గదుల్లో బడి. తెల్లవాళ్లు ఎవరన్నా వచ్చి చూస్తే అది కొట్టు. జనం సాయంత్రం పూట కొట్టుకి వెళ్లడంలో అనుమానించడానికేముంది?

1957 జనవరి 7న మొదటి తరగతికి 14 మంది వచ్చారు. రాబిన్సన్ చిన్నపిల్లల వాచకాలు కొన్ని వెంట తెచ్చుకుంది. పది నిమిషాల్లో అర్థమైంది, అవి ఇక్కడ పనికిరావని. పక్కన పెట్టేసింది. నేను మీకు టీచర్ని కాను, మీకు తెలిసినవి నాకు చెప్పండి, నాకు తెలిసినవి నేను చెబుతాను అనే అర్థం వచ్చేట్టు మాట్లాడి, మీకేం కావాలని అడిగింది. ఒకరికి సంతకం రావాలి. ఒకరికి బైబిల్ చదవాలి. ఒకరికి దూరాన ఉన్న కొడుకు రాసే ఉత్తరం ఇంకొకరి చేత చదివించుకోకుండా తనే చదువుకోవాలి. మనీఆర్డర్ ఫారం నింపడం, పోస్టులో సామాన్లు తెప్పించుకునే ఫారం నింపడం, లెక్కలు. అందరికీ కావలసింది ఓటు.

అవే పాఠాలయ్యాయి. మనీఆర్డర్ ఫారాన్ని పెద్ద కాగితం మీద గీసి గోడకి తగిలించింది. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటన కూడా గోడెక్కింది. కోర్సు అయ్యేలోపు దాన్ని చదవగలగాలన్నది లక్ష్యం. సంతకం రానివాళ్ల పేరు అట్టముక్క మీద రాసి, ఆ గీతల మీద మళ్లీ మళ్లీ పెన్సిల్ తిప్పించేది. వారానికి రెండు రాత్రులు, రెండు నెలలు. ఆ తర్వాత పొలం పనులు మొదలవుతాయి. కొన్నాళ్లకి ఒక 65 ఏళ్ల ముసలావిడ బోర్డు మీదున్న చాలా పేర్ల మధ్య తన పేరు గుర్తుపట్టింది. లేచి వెళ్లి, రాబిన్సన్ చేతిలోని కర్ర తీసుకుని, అదిగో అది నా పేరు అని చూపించింది. ఆ క్షణం గురించి చెప్పేటప్పుడు ఎన్నేళ్లకీ రాబిన్సన్ ఒళ్లు జలదరించేది.

*

పక్క దీవులవాళ్లు మాకూ కావాలన్నారు. వాడ్మలా దీవిలో బడి చెప్పింది జెంకిన్స్ కూతురు. ఎడిస్టో దీవిలో ఆ ఊరి ఆవిడే. నార్త్ చార్ల్‌స్టన్‌లో అడిగింది బ్యూటీ పార్లర్ నడిపే ఇంకొకావిడ, తరగతి ఆ పార్లర్‌లోనే నడిచింది. చూస్తే, ఈ బడి రోడ్డు మ్యాపు ప్రకారం పాకలేదు. చుట్టరికం ప్రకారం, బస్సు రూటు ప్రకారం, జుట్టు దువ్వించుకునే రోజు ప్రకారం పాకింది.

అధికారులకీ ఇది అర్థమైంది. 1959 జులైలో టెనసీ పోలీసులు హైలాండర్ మీద దాడి చేశారు. హోర్టన్ అప్పుడు దేశంలో లేడు. మద్యం ఉంచిందన్న నేరం మీద క్లార్క్‌ని అరెస్టు చేశారు. ఆమె జీవితంలో మందు ముట్టని మనిషి. దీపాలార్పిన గదిలో, పోలీసులు సోదా చేస్తుండగా, అక్కడున్న కుర్రవాళ్లు పాట అందుకున్నారు. 1961కల్లా కోర్టులు హైలాండర్ గుర్తింపు రద్దు చేసి దాన్ని మూయించాయి. బడుల పని అప్పటికే మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ ఎస్.సి.ఎల్.సి.కి చేరింది. క్లార్క్, డొరొతీ కాటన్, ఆండ్రూ యంగ్ జార్జియా రాష్ట్రంలోని డార్చెస్టర్ కేంద్రంలో టీచర్లకి శిక్షణ ఇవ్వసాగారు.

ఇక్కడ అసలు చిక్కు వచ్చింది. మనిషికి మనిషి తెలియడం మీద నడిచిన పనిని వందల ఊళ్లకి ఎలా తీసుకెళ్తారు? అందరూ క్లార్క్ చుట్టాలు కారుగా. ఆమె పాఠాన్ని కాపీ కొట్టించలేదు, మనిషిని ఎంచే పద్ధతిని పట్టుకెళ్లింది. ఊరు తిరిగి, ఆ ఊళ్లో జనం ఎవరి దగ్గరికి వెళ్తారో చూసేది. బాగా గట్టిగా చదవగలిగి, బోర్డు మీద విడమర్చి రాయగలిగితే చాలు. డిగ్రీ అక్కర్లేదు. అలాంటివాళ్లని బస్సుల్లో డార్చెస్టర్ తీసుకొచ్చి, అయిదు రోజులు కలిసి ఉండి, నేర్పి పంపేవాళ్లు. వెనక్కి వెళ్లాక తరగతులు వంటింట్లో, పార్లర్‌లో, ఎండాకాలం చెట్టు కింద. 1957 నుంచి 1970 దాకా మొత్తం 897 బడులు నడిచాయని ఆమె లెక్క. మిసిసిపీ పత్తి పొలాల్లోంచి వచ్చిన ఫానీ లూ హేమర్ ఈ శిక్షణ తీసుకున్నవాళ్లలో ఒకరు. 1963 జూన్‌లో అలాంటి శిక్షణ నుంచి తిరిగి వెళ్తుండగానే వినోనా అనే ఊళ్లో ఆమెనీ తోటివాళ్లనీ పట్టి జైల్లో వేసి చావగొట్టారు. అక్షరాలు నేర్చుకోవడం ఎంత ప్రమాదకరమైన పనో ఆ దెబ్బలు చెబుతాయి.

*

క్లార్క్ నమ్మిన ఈ పద్ధతి ఆమె సొంత సంస్థలోనే చాలామందికి పనిగా కనిపించలేదు. ఎస్.సి.ఎల్.సి. కార్యవర్గంలో ఆమె ఎందుకు ఉండాలని ఒక పెద్దమనిషి మళ్లీ మళ్లీ అడిగేవాడు. కింగ్ ఆమె చేస్తున్న పని చెప్పి సమర్థించాల్సి వచ్చేది. ఒకసారి ఆమె కింగ్‌కి ఉత్తరం రాసింది. ప్రతి ఊరేగింపుకీ మీరే రానక్కర్లేదు, ఏ ఊళ్లో ఊరేగింపు ఆ ఊరివాళ్లే నడిపేట్టు మనుషుల్ని తయారుచేయండి అని. ఆయన ఆ ఉత్తరం కార్యవర్గానికి చదివి వినిపించాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వుని వట్టి మగ అహంకారం అని వదిలేయొచ్చు, అది ఉంది కూడా. దాని వెనక ఇంకో నమ్మకం ఉంది. ఉపన్యాసం ఇవ్వడం ఉద్యమం, ఒకరింట్లో కూర్చుని టీ తాగుతూ వాళ్ల కొడుకు ఉత్తరం గురించి వినడం ఉద్యమం కాదు, అది ఆడవాళ్ల కబుర్లు అనే నమ్మకం. రెండో పని జరక్కపోతే మొదటి పనికి వినేవాళ్లుండరు. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చి అక్షర పరీక్షలని ఆపేసింది. చట్టం తలుపు తీసింది. నిజమే, అది లేకపోతే ఎన్ని బడులు పెట్టినా రిజిస్ట్రార్ దయ మీద బతకాల్సిందే. కానీ తెరిచిన తలుపులోంచి భయపడకుండా నడిచి వెళ్లే మనుషులని చట్టం తయారుచేయలేదు.

తెలుగువాళ్లకి ఈ కథ పూర్తిగా పరాయిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిబడిలో సారా గురించిన పాఠం చదువుకుని, అది తమ ఇళ్ల కథేనని మాట్లాడుకుని, ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబర్ 1న ప్రభుత్వం సారాని నిషేధించింది. ఆ చరిత్రని మనం నిషేధం తేదీతో, ఆ తర్వాత వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం ఎత్తేసిన తేదీతో చదువుతాం. అప్పుడు అది ఓడిపోయిన ఉద్యమంలా కనిపిస్తుంది. ఒకరి మొగుడి తాగుడు గురించి ఇంకొకరి ముందు నోరు విప్పని ఆడవాళ్లు ఒక లాంతరు చుట్టూ కూర్చుని ఎలా నోరు విప్పారన్న దగ్గర మొదలుపెట్టి చదివితే వేరేలా కనిపిస్తుంది. జాన్స్ ఐలండ్‌లో ఓటు, దూబగుంటలో సారా. రెండుచోట్లా వాచకం కన్నా ముందు కావలసింది, పక్కన కూర్చున్న మనిషి నవ్వదన్న నమ్మకం.

ఇవాళ ఒక అన్యాయం గురించి పది వేలమందికి చెప్పడం మనకి నిమిషం పని. అది మంచిదే. 726 ఉత్తరాలు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఉత్తరాలు అందనందుకు కాదు వాళ్లు రానిది. అందరికీ అందాయి. అందుకున్న మనిషి పక్కన, రేపు ఉద్యోగం పోతే ఇంటికి బియ్యం ఎవరు పంపుతారో, అవమానం జరిగితే ఎవరు వెంట వస్తారో తెలియక రాలేదు. ఆ మనుషుల్ని పోగుచేయడం నెమ్మదైన పని. దానికి ఫొటో ఉండదు. అందులో నడిపేవాళ్ల పేర్లు కూడా చాలావరకు పోతాయి.

క్లార్క్ పేరు పోలేదు గానీ, ఆమెకి రావలసింది మాత్రం ఆలస్యంగానే వచ్చింది. 1956లో తనని తీసేసిన చార్ల్‌స్టన్ స్కూల్ వ్యవస్థకే 1975లో బోర్డు సభ్యురాలిగా ఎన్నికైంది. మరుసటి ఏడాది రాష్ట్రం ఆమె పింఛను పునరుద్ధరించింది. 1987 డిసెంబర్ 15న, 89 ఏళ్ల వయసులో చనిపోయింది. స్కూల్ బోర్డుకి ఆమె పోటీచేసిన ఆ ఎన్నికలో ఓటేసినవాళ్లలో, ఒకప్పుడు తన పేరు మీద పెన్సిల్ తిప్పి రాయడం నేర్చుకున్నవాళ్లు కొందరైనా ఉండి ఉంటారు.